బొమ్మకు కూర్చోబెట్టే కుర్చీ

నేను ఒక కుర్చీని. కంగారుపడకండి, ఎన్నికలప్పుడు జనం జుట్లు పట్టుకునే కుర్చీని కాదు. కాకినాడ జగన్నాథపురంలో తటవర్తి గవర్రాజు గారని ఒక చిత్రకారుడు ఉండేవారు. ఆయన చిత్రశాలలో, బొమ్మ వేయించుకోవడానికి వచ్చినవాళ్లు కూర్చునే కుర్చీని. నా మీద కూర్చున్నందుకు ఎవరికీ పదవి రాలేదు. మహా అయితే నడుం నొప్పి వచ్చింది.

నన్ను చేసిన వడ్రంగి పేరు తాతాచారి. రేవులో విప్పేసిన పాత లాంచీ టేకుతో చేశాడు. అందుకేనేమో, వానాకాలం వచ్చిందంటే ఇప్పటికీ నా ఒళ్లు కాస్త చెమ్మగిల్లుతుంది. “కుర్చీ ఎలాగుండాలండీ?” అని తాతాచారి అడిగితే గవర్రాజు గారు చాలాసేపు ఆలోచించి, “మరీ మెత్తగా ఉంటే కునుకు తీస్తారు. మరీ గట్టిగా ఉంటే లేచి పోతారు. రెండూ జరక్కుండా చూడవయ్యా” అన్నారట. తాతాచారి తల గోక్కుని, కూర్చునే చోట పేము అల్లించి, వీపు వైపు మాత్రం నిటారుగా చెక్క దిగ్గొట్టాడు. అటు సుఖమూ కాదు, ఇటు కష్టమూ కాదు. సంసారంలా ఉంటానని గవర్రాజు గారి అభిప్రాయం.

మనిషిని మరో మనిషి గంటల తరబడి చూస్తూ కూర్చుంటే ఏమవుతుందో నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. వచ్చినవాడు మొదటి అరగంట గొప్పగా కూర్చుంటాడు. గడ్డం పైకెత్తి, పొట్ట లోపలికి లాక్కుని, ఊపిరి బిగబట్టి. ఒక తహసీల్దారు గారైతే అలా బిగబట్టి బిగబట్టి నా మీదే కళ్లు తిరిగి పడిపోయారు. రెండో అరగంటకి పొట్ట దాని చోటికి అది వచ్చేస్తుంది. ఆ తరవాత దురద, ఆవులింత, ఇంటి బెంగ వరసగా వస్తాయి. అప్పుడుగానీ గవర్రాజు గారు కుంచె పట్టుకునేవారు కాదు. “ఇప్పుడొచ్చాడు మనిషి” అని గొణుక్కునేవారు.

తొలినాళ్లలో ఆయన ఉన్నది ఉన్నట్టు వేసేవారు. మెల్లకన్ను ఉంటే మెల్లకన్ను, గాటు ఉంటే గాటు. కొందరు అలిగి బొమ్మ తీసుకోకుండా పోయేవారు కూడా.

నేను పుట్టిన నాలుగో ఏడు ఎండాకాలంలో ఆయన తాళ్లరేవు వెళ్లి, చెల్లెలు వద్దంటున్నా వినకుండా మేనకోడల్ని సెలవులకి తీసుకొచ్చారు. ఆ పిల్ల పేరు నూకరత్నం. ఏడేళ్లు. వచ్చిన రోజే నా మీదెక్కి, కాళ్లు నేలకి ఆనక ఆడిస్తూ, “మావయ్యా, నా బొమ్మ ఎయ్యి” అని పేచీ పెట్టింది. రేపు, రేపు అన్నారు ఆయన. పది రోజులు తిరక్కుండానే మా వీధిలోకి అమ్మవారు వచ్చింది. మశూచి. నాలుగిళ్ల అవతల ఒక ముసలమ్మ పోయింది. తరవాత రత్నం పడకేసింది.

గుమ్మానికి వేపమండలు కట్టారు. చిత్రశాల మూతపడింది. నన్ను గోడవైపు తిప్పి పెట్టారు కాబట్టి ఆ మూడు వారాలూ నేను చూసింది లేదు, విన్నదే. గవర్రాజు గారు రాత్రీ పగలూ పిల్ల పక్కనే కూర్చునేవారు. గండం గడిచింది. ఒకరోజు పొద్దున్నే ఆయన పిల్లని దుప్పట్లో చుట్టి ఎత్తుకొచ్చి నా మీద కూర్చోబెట్టారు. ఎంత తేలికైపోయిందో! బుగ్గలూ నుదురూ నిండా గుంటలు. ఆయన దాని చేతికొక పలకా, బొగ్గుముక్కా ఇచ్చి, “పిల్లిని ఎయ్యమ్మా, చూద్దాం” అన్నారు. పిల్లి వచ్చింది. మర్నాడు కాకి వచ్చింది. సెలవులు అయిపోయేసరికి మా గోడల నిండా అవే.

ఆ తరవాతి నెలలో బొమ్మకి వచ్చిన మొదటి మనిషి, ముఖం మీద మశూచి మచ్చలున్న ఒక బడిపంతులు. గవర్రాజు గారు ఆ ముఖాన్ని కాసేపు చూశారు. ఒక్క గుంట లేకుండా, అరటిదవ్వలాంటి బుగ్గలతో వేసి ఇచ్చారు. పంతులు గారు బొమ్మ చూసుకుని ఏడ్చేశారు, సంతోషంతో. ఆ ముచ్చట ఊరంతా పాకింది. ఇక చూడండి, జనం! మచ్చలున్నవాళ్లు, ముడతలున్నవాళ్లు, పళ్లు లేనివాళ్లు. గవర్రాజు గారి కుర్చీలో కూర్చుంటే పదేళ్లు తగ్గుతాయని రాజోలు నుంచి కూడా వచ్చేవారు. పదేళ్లు తగ్గించేది కుంచె. పేరు మాత్రం నాకు వచ్చింది. నేనూ కాదనలేదు.

రత్నం ఏటా సెలవులకి వచ్చేది. పదహారో ఏటికల్లా మావయ్య వేసిన బొమ్మలకి చీర అంచులూ, నగలూ తను పూర్తిచేసేది. పద్దెనిమిదో ఏడు వచ్చాక ఆయన తన పాత మాట నిలబెట్టుకుని దాన్ని నా మీద కూర్చోబెట్టారు. వారం రోజులు వేశారు. అంత ప్రేమగా ఆయన ఎవరినీ వెయ్యలేదు. ఎనిమిదో రోజు బొమ్మ పెట్టిన స్టాండు ఇటు తిప్పి చూపించారు. తామరరేకులాంటి బుగ్గలు, నున్నటి నుదురు.

రత్నం చాలాసేపు చూసింది. తన వేళ్లు నా చేతుల్ని గట్టిగా పట్టుకున్నాయి.

“చాలా బాగుంది మావయ్యా. ఎవరీ అమ్మాయి?”

ఆయన పరాచికం అనుకుని నవ్వారు. తనూ నవ్వింది. కానీ ఆ బొమ్మని తాళ్లరేవు తీసుకుపోలేదు. ఇక్కడే మరిచిపోయినట్టు వదిలేసింది.

తరవాత రత్నం విశాఖపట్నం వెళ్లి చిత్రకళ చదువుకుంది. తిరిగొచ్చి కాకినాడలోనే ఆడపిల్లల బళ్లో డ్రాయింగు టీచరుగా చేరింది. సాయంత్రాలు మా దగ్గరికి వచ్చేది. ఇక మావయ్యకీ మేనకోడలికీ రోజూ పేచీలే. ముఖం అంటే ముక్కూ చెవులూ కాదు, లోపలి మనిషి కనిపించాలి అనేది తను. లోపలి మనిషి కావాలంటే ఎక్స్‌రే తీయించుకుంటారు, నా దగ్గరికెందుకు వస్తారు అనేవారు ఆయన. ఒకరోజు తను పక్కింటి పాలావిడని నీలిరంగు ముఖంతో, ఒకే చెవితో వేసి తెచ్చింది. గవర్రాజు గారు కళ్లజోడు సవరించుకుని అన్నారు:

“మనిషి ఇంత నీలంగా ఉంటే డాక్టరుని పిలవాలే, బొమ్మలు వేసేవాణ్ణి కాదు.”

“మరి తన ముఖం తనే వేసుకోవడం గురించి ఏమంటారు? పెద్ద పెద్ద చిత్రకారులు అద్దం ముందు కూర్చుని వేసుకున్నారు. కుర్రతనం నుంచి ముసలితనం దాకా.”

“కూర్చునేవాడు దొరక్క వేసుకుని ఉంటారు. నాకు ఆ కర్మ పట్టలేదమ్మా, బయట బల్ల మీద నలుగురు కూర్చునున్నారు చూడు.”

నిజమే, నలుగురున్నారు. కానీ ఆయన అబద్ధం ఆడుతున్నారని నాకనిపించేది. ఇరవై ఏళ్లలో ఆయన ఒక్కసారి కూడా నా మీద కూర్చోలేదు. అలసిపోయినా సరే, కిటికీ గట్టు మీద కూర్చునేవారు.

ఏళ్లు గడిచాయి. ఒక ఏడాది సామర్లకోట నుంచి చిట్టబ్బాయి గారని బియ్యం మిల్లు యజమాని వచ్చారు. మిల్లు పెట్టి పాతికేళ్లయిందట, ఆఫీసులో తన బొమ్మ పెట్టాలట. భారీ మనిషి. కూర్చోగానే నా పేము నాలుగు చోట్ల కిర్రుమంది. ముక్కు పక్కన కందిగింజంత పుట్టుమచ్చ, ముందు పళ్ల మధ్య సందు, నవ్వితే ఆ సందులోంచి ఈల. రత్నం ఆయన్ని చూడగానే మనసు పారేసుకుంది.

“మావయ్యా, ఈయన్ని నేనూ వేస్తాను. మీరు మీ పద్ధతిలో, నేను నా పద్ధతిలో. ఏది కావాలో ఆయన్నే ఎంచుకోమందాం.”

“ఆయ్, ఏదీ బాగోకపోతే?” అన్నారు చిట్టబ్బాయి గారు.

“అప్పుడు అద్దంతో సరిపెట్టుకుందురుగాని” అన్నారు గవర్రాజు గారు. ఆయనకి రోషం వచ్చింది.

ఆరు రోజులు వేశారు. కుడివైపు మావయ్య, ఎడమవైపు మేనకోడలు, మధ్యలో నా మీద చిట్టబ్బాయి గారు, వడ్ల ధరల గురించి ఈల కలిపి కబుర్లు చెబుతూ. మూడో రోజు రత్నం నీళ్లు తాగడానికి లేచి, పోతూ పోతూ మావయ్య బొమ్మవైపు చూసింది. అడుగు ఆగిపోయింది. మంచినీళ్లు తాగి రావడానికి మామూలుగా నిమిషం పడుతుంది. ఆవేళ పావుగంట పట్టింది.

నాలుగో రోజు మెల్లగా కదిపి చూసింది. “మావయ్యా, చెంప మీద నీలం కాస్త...”

“అదే నేనూ చూస్తున్నాను. ఎంత వేసినా ఆనడం లేదే! ఈ రంగుల కంపెనీ వాడు మోసం చేస్తున్నాడు” అని ఆయన ఇంకాస్త నీలం పులిమారు. రత్నం ఇక మాట్లాడలేదు. మాట్లాడితే ఆయన కుంచె కింద పెట్టేస్తారని దాని భయం. నలభై ఏళ్లుగా బొమ్మలు వేస్తున్న చెయ్యి అది.

ఏడో రోజు చిట్టబ్బాయి గారు భార్యని వెంటబెట్టుకొచ్చారు. వెంకాయమ్మ గారు. మనసులో ఒకటీ నోట్లో ఒకటీ ఉండే రకం కాదు. రెండు స్టాండ్లూ ఇటు తిప్పారు. గవర్రాజు గారి బొమ్మలో గీత ఎప్పటిలాగే గొప్పగా ఉంది. పుట్టుమచ్చ లేదు, సందు లేదు, గడ్డం కింద గడ్డం లేదు. కానీ మనిషి మాత్రం నెమలికంఠంలా మెరిసిపోతున్నాడు.

“అయ్యబాబోయ్! ఈయనకి సిరాబుడ్డి ఒలికిందేంటండీ?” అంది వెంకాయమ్మ గారు. “కొత్త తరహా అమ్మాయిగారు వేసింది ఇదేనాండీ?”

గవర్రాజు గారు తన బొమ్మ దగ్గరికి వెళ్లి, ముక్కు తగిలేటంత దగ్గరగా వంగి చూశారు. వెనక్కి జరిగి చూశారు. తరవాత రత్నం వైపు తిరిగారు.

“నీలంగా ఉందా అమ్మా?”

“ఉంది మావయ్యా.”

“ఎంత?”

“మన పాలావిడ కన్నా ఎక్కువ.”

ఆయన ముఖం వాడిపోయింది. ఆ క్షణంలో చిట్టబ్బాయి గారు నా మీద నుంచి లేచారు. లేవడం ఆయనకి చిన్న పని కాదు.

“అదేంటండీ గురువుగారూ, దానికలా అయిపోతారు? కృష్ణ పరమాత్ముడు నీలంగా లేడేంటి? రాములవారు లేరా? నాకు మాత్రం ఏం లోటు? ఆయ్, ఇది నా ఆఫీసులో ఉండాల్సిందే. కూలీలు కూడా దణ్ణం పెట్టి మరీ లోపలికొస్తారు” అన్నారు ఈల వేస్తూ.

మొదట నవ్వింది గవర్రాజు గారే. గోడకి ఆనుకుని, కళ్ల నీళ్లు వచ్చేదాకా నవ్వారు. వెంకాయమ్మ గారు ఈలోపు రత్నం వేసిన బొమ్మ ముందు నిలబడ్డారు. అందులో పుట్టుమచ్చ ఉంది, సందు ఉంది, ఏదో చిలిపి మాట అనబోతున్న పెదవులున్నాయి. ముఖంలో ఒక పక్క ధాన్యం రంగు, ఒక పక్క ఇటుక రంగు. “ఇదిగో, ఈయనండీ మా ఆయన” అని ఆ బొమ్మని రెండు చేతులా ఎత్తి చంకన పెట్టేసుకున్నారు. తడి రంగు చీరకి అంటినా లెక్కచెయ్యలేదు.

రెండు బొమ్మలూ సామర్లకోట వెళ్లాయి. గవర్రాజు గారు కంటి డాక్టరు దగ్గరికి వెళ్లారు. రెండు కళ్లలోనూ శుక్లాలు. పసుపుపచ్చ అద్దంలోంచి చూసినట్టు లోకం కనిపిస్తోందనీ, అందుకే నీలం ఎంత వేసినా చాలడం లేదనీ డాక్టరు చెప్పాడట. ముందు ఒక కంటికి, నాలుగు నెలలాగి రెండో కంటికి ఆపరేషన్ చేశారు. అంతకాలం కుంచె ముట్టుకోవద్దన్నారు. ఆయన తాళ్లరేవులో చెల్లెలింట్లో ఉన్నారు.

ఆ నెలల్లోనే రత్నం ఒక అద్దం తెచ్చి స్టాండు పక్కన నిలబెట్టింది. నా మీద కూర్చుంది. వేయడం మొదలుపెట్టింది. తనని తనే.

ఇది నేను చూసిన పనుల్లోకెల్లా కష్టమైన పని. ఇతరుల్ని వేసేటప్పుడు దాని చెయ్యి సెలయేరులా పోయేది. తన ముఖం దగ్గరికి వచ్చేసరికి మొరాయించింది. బుగ్గ వేస్తుంది, వేస్తూ వేస్తూ తెలియకుండానే నున్నగా చేసేస్తుంది. పదేళ్లు మావయ్య దగ్గర నేర్చిన చెయ్యి మరి, గుంట కనిపిస్తే పూడ్చకుండా ఉండలేదు. “మళ్లీ ఆ పిల్లే వచ్చింది” అని విసుక్కుని, కత్తితో రంగంతా గీకేసి, మళ్లీ మొదలెట్టేది. ఇలా ఆరుసార్లు గీకింది. ఒకసారి కత్తి విసిరేసి, నా చేతి మీద తల పెట్టుకుని ఏడ్చింది. ఏడ్చి లేచి అద్దంలో చూసుకుని, ఎర్రబడ్డ ముక్కుని చూసి తనకే నవ్వొచ్చింది. ఆ నవ్వు మీదే ఏడోసారి మొదలుపెట్టింది.

ఈసారి బుగ్గల జోలికి చివరిదాకా పోలేదు. చివర్లో చిన్న కుంచె తీసుకుని, ఒక్కో గుంటనీ ఒక్కో చుక్కగా పెట్టింది. కావి రంగు, ఆకుపచ్చ, కుంకుమ, పసుపు. దగ్గరికి వెళ్తే ఉత్త చుక్కలు. నాలుగడుగులు వెనక్కి వేస్తే, మధ్యాహ్నం ఎండ పడిన ఉప్పుటేరులా ముఖమంతా మిలమిలలాడుతోంది.

కళ్లు బాగుపడ్డాక గవర్రాజు గారు వచ్చారు. కొత్త కళ్లజోడు, చేతికర్ర. గుమ్మంలో నిలబడి అదీ ఇదీ చూసి, “ఈ గోడకి వేసింది తెల్లసున్నమా! పసుపు కొట్టించాననుకున్నానే!” అని ఆశ్చర్యపోతున్నారు. అంతలో బొమ్మ కనబడింది. కర్ర చప్పుడు ఆగిపోయింది.

రత్నం చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ ఉంది. ఆయన కర్ర ఎత్తి బొమ్మలోని బుగ్గని చూపించారు.

“ఆ ఎండాకాలం నిన్ను పంపనంది మీ అమ్మ. నేనే పట్టుబట్టి తీసుకొచ్చాను. ఈ గుంటలన్నీ నా వల్ల పడినవే అమ్మా. అందుకే ఎవరి ముఖం మీద చూసినా పూడ్చేశాను. నీ ముఖం మీద పూడ్చలేక.”

“అదేం మాట మావయ్యా! నాకు అమ్మవారు పోసింది గానీ మీరు పోశారా?” అంది రత్నం. “ఆ ఎండాకాలమే కదా నా చేతికి పలకా బొగ్గూ ఇచ్చారు. అది మరిచిపోయారా?”

ఆయన తల అడ్డంగా ఊపారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు, మళ్లీ పెట్టుకుని బొమ్మకి ఇంకాస్త దగ్గరగా వెళ్లారు.

“ఇక్కడ ఆకుపచ్చ పెట్టావే, నాకు తట్టేది కాదు. మంచి పని చేశావు.” కర్ర గోడకి ఆన్చి ఇటు తిరిగారు: “రత్నం, నన్ను వేస్తావా? ఉన్నది ఉన్నట్టు వెయ్యాలి సుమా!”

అలా, చేయించిన ముప్పై ఏళ్లకి గవర్రాజు గారు మొదటిసారి నా మీద కూర్చున్నారు. కూర్చోగానే, “అబ్బ! ఇంత గట్టిగా ఉందేంటే? పాపం, జనం నోరు మెదపలేదు!” అన్నారు. వందలమందిని కదలొద్దని గదమాయించిన మనిషి నిమిషం కుదురుగా ఉంటే ఒట్టు. ఆ కుంచె కాదు, లావుది తీసుకో. చెవి దగ్గర నీడ చూసుకో. వెలుతురు పోతోంది, కిటికీ తెరువు.

“మావయ్యా, నోరు మూసుకుంటే పెదాలు వేసుకుంటాను.”

“నేనెక్కడ మాట్లాడుతున్నాను?”

మూడు రోజులు చూసి, రత్నం అలాగే వేసేసింది. నోరు తెరిచి, చూపుడువేలు ఎత్తి, ఏదో చెప్పేస్తున్న మనిషి. నుదుటి మీద గీతలు, ఊడిన పన్ను, కొత్త కళ్లజోడు వెనక తడిసిన పెద్ద కళ్లు. ఆయన చూసుకుని ముందు ముఖం చిట్లించారు. తరవాత నెమ్మదిగా, “మా నాన్నలా ఉన్నానే! ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదు” అన్నారు. ఆ బొమ్మని తన మంచానికి ఎదురుగా పెట్టించుకుని, తను పోయేదాకా, పదకొండేళ్లు, దానితో పోట్లాడుతూ గడిపారు.

రత్నం ఆ తరవాత కూడా నా మీద కూర్చుని ఐదారేళ్లకోసారి తన బొమ్మ తను వేసుకుంటూ వచ్చింది. జుట్టు నెరిసిన బొమ్మ, కళ్లజోడు బొమ్మ, మోకాలి నొప్పితో విసుక్కుంటున్న బొమ్మ. డెబ్బై దాటాక, ఇక మెట్లు ఎక్కలేనని చిత్రశాల మూసి, బొమ్మలన్నీ విశాఖపట్నంలో ఒక గ్యాలరీకి ఇచ్చేసింది. వాటితోపాటు నేనూ లారీ ఎక్కాను. అక్కడ నన్ను ఒక ఎత్తు అరుగు మీద నిలబెట్టి, చుట్టూ ఎర్రతాడు కట్టి, ముందు ఒక చీటీ పెట్టారు. అందులో నా గురించి నాలుగు గొప్ప మాటలున్నాయి. చివర్న మాత్రం ‘కూర్చోరాదు’ అని రాశారు. మొదట్లో గర్వపడ్డాను. వారం తిరిగేసరికి తిమ్మిరెక్కింది.

మొన్న ఆదివారం భీమిలి వైపు నుంచి ఒక కుటుంబం వచ్చింది. పిల్లలూ పెద్దలూ ముందుకి పోయారు. ఒక ముసలమ్మ వెనకబడింది. అటూ ఇటూ చూసి, తాడు పక్కకి జరిపి, ఎత్తెక్కి, నా మీద చతికిలబడింది. కాపలా మనిషి పరుగెత్తుకొచ్చాడు.

“లెగమ్మా, లెగు! అది సూడ్డానికెట్టిన కుర్సీ.”

“కుర్సీని సూడ్డానికొత్తారేటి బాబూ? కూకోడానికి గానీ. కాళ్లు పీకేత్తన్నాయి.”

అతను అటూ ఇటూ చూసి, వెళ్లి గుమ్మం దగ్గర మావైపు వీపు పెట్టి నిలబడ్డాడు. ముసలమ్మ చెప్పులు విడిచి, వీపు ఆన్చి, ఎదురుగా గోడ మీదున్న, రత్నం వేసిన గవర్రాజు గారి బొమ్మకేసి చూడడం మొదలుపెట్టింది. చూస్తూ చూస్తూ కాస్త ముందుకి వంగింది, చెవి సరిగ్గా వినపడనివాళ్లు వంగినట్టు. పై గది నుంచి మనవడు కాబోలు కేకేశాడు, బస్సుకి టైమైపోతోందని.

“ఉండండర్రా” అంది ముసలమ్మ చెయ్యి అడ్డంపెట్టి. “ఈ పెద్దాయనేటో సెప్తన్నాడు. ఇననియ్యండి.”